సముద్రం కన్నా పల్లంలో మా కాపురం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "యూరప్‌లో మీ కాపురం గురించి ఓ పావుగంట మాట్లాడండి, ట్యూలిప్ తోటల ఫొటోలు కూడా తీసుకురండి" అన్నారు. ఫొటోలు తెచ్చాను. అవి భోజనాల దగ్గర చూద్దాం. ఇక్కడ మాత్రం నీళ్ల గురించి మాట్లాడతాను. దివిసీమ వాళ్లకి నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకోకండి.

నేనూ మా ఆవిడా 2009 నుంచి నెదర్లాండ్స్‌లో రాటర్‌డామ్ ఊళ్లో ఉంటున్నాం. మన చిన్నప్పటి భూగోళం పుస్తకంలో హాలెండ్ అని ఉండేది, ఆ దేశమే. నాది పంపులు చేసే కంపెనీలో ఉద్యోగం. ఆ దేశం మనకు మరీ కొత్తదేం కాదు. బందరులో వలందపాలెం ఉందిగా? ఆ వలందులు వీళ్లే. 1600ల మొదట్లోనే కోరమాండల్ తీరానికి అద్దకం బట్టల కోసం వచ్చారు. బందరులో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పూలు అద్దిన బట్టను అక్కడ ఈ రోజుకీ 'సిట్స్' అంటారు, మన చీటీ గుడ్డలోని చీటీయే అది. మ్యూజియంలో అద్దాల వెనక అలాంటి లంగా ఒకటి చూసి మా అమ్మ, "ఇది మన వైపు అద్దకమేరా, దీనికి టిక్కెట్టు కొని చూడాలా?" అంది.

రోజువారీ బతుకు చెప్పాలంటే సైకిలుతో మొదలుపెట్టాలి. ఆ దేశంలో మనుషులకన్నా సైకిళ్లు ఎక్కువ. మనం గంటకింత అని అద్దెకు తెచ్చుకుని, చక్రం వంకర పోతే దెబ్బలు తిన్న తరం కదా, నాకు ఇబ్బంది కాలేదు. మా ఆవిడది రేపల్లె, చిన్నప్పుడు సైకిలు ఎక్కనివ్వలేదట. నలభై ఏళ్లు దాటాక నేర్చుకుంది. ఇప్పుడు వర్షంలో, ఎదురుగాలిలో, హ్యాండిలుకి కూరల సంచి తగిలించుకుని పోతుంటే వెనకాల నేను రొప్పుకుంటూ పోవాలి.

మంగళవారం, శనివారం ఊరి మధ్య బ్లాక్ స్టేషను పక్కన పెద్ద సంత. అక్కడ బెండకాయలు, కాకరకాయలు అమ్మేవాళ్లు ఎక్కువగా సురినాం నుంచి వచ్చిన కుటుంబాల వాళ్లు. 1873లో కలకత్తా నుంచి ఓడలో వాళ్ల ముత్తాతల్ని చెరకు తోటల్లో కూలికి తీసుకుపోయారు. వంద ఏళ్ల తర్వాత చాలామంది హాలెండ్ చేరారు. మా ఆవిడ హిందీ, వాళ్ల భోజ్‌పురి లాంటి మాట కలిసి బేరం బాగానే సాగుతుంది. కాకరకాయను వాళ్లు సోప్రోపో అంటారు. పేరేదైనా చేదు మాత్రం అదే.

అక్కడి వాళ్లు మంచివాళ్లు, కాని కాఫీ తాగడానికి కూడా డైరీ తీసి రెండు వారాల తర్వాత తేదీ ఇస్తారు. పుట్టినరోజుకి పిలిస్తే అందరూ గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. పుట్టినవాడికే కాదు, వాడి అమ్మకి, అత్తకి, పక్కింటివాళ్లకి కూడా వరసగా చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. ఇది నాకు నచ్చింది. పెంచినవాళ్లకీ అందులో వాటా ఉందిగా మరి.

ఇక చుట్టాలు. ఏప్రిల్ వచ్చిందంటే మా ఇల్లు సత్రం. కోకెన్‌హోఫ్ పూలతోట మార్చి మూడో వారం నుంచి ఎనిమిది వారాలే తెరిచి ఉంటుంది, కాబట్టి అందరూ అప్పుడే వస్తారు. అమెరికా నుంచి వచ్చే మన క్లాసువాళ్లైతే తొమ్మిది రోజుల్లో ఏడు దేశాలు అని చీటీ రాసుకుని దిగుతారు. నేనే డ్రైవరు, మా ఆవిడే పులిహోర. బ్రస్సెల్స్, కొలోన్, పారిస్ ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. ఈఫిల్ టవర్ కింద పులిహోర తిననివాళ్లు మా చుట్టాల్లో తక్కువ. దేశం మారినట్టు తెలిసేది రోడ్డు పక్క నీలం బోర్డు వల్లే. బార్లే అని ఒక ఊరుంది, అందులో బెల్జియం, హాలెండ్ సరిహద్దు గీత ఇళ్ల మధ్య నుంచి పోతుంది. ఇల్లు ఏ దేశానిది అంటే వీధి తలుపు ఎటుంటే అటు.

వాల్స్ అనే ఊరి దగ్గర మూడు దేశాలు కలిసే చోటుంది. యూరప్‌లో ఉన్న హాలెండ్ నేల అంతటికీ అదే ఎత్తైన చోటు, 322 మీటర్లు. అక్కడ నిలబడి అమ్మ, "మంగళగిరి కొండ ఎక్కినదాన్ని, ఇదా కొండ?" అని నవ్వింది.

అమ్మ వచ్చింది 2023 ఏప్రిల్‌లో. నాన్న పోయాక ఒంటరిగా ఉంటోందని, మాతోనే ఉంచుకుందామని మా ఇద్దరి కోరిక. చట్టం ఒప్పుకోదు. చుట్టపు చూపు వీసాకి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. ఆ మాట చెప్తే అమ్మే తేలిగ్గా, "తొంభై రోజులు చాలా ఎక్కువరా, ఇక్కడ పలకరించే దిక్కేది?" అంది. మూడో రోజే కిటికీ దగ్గర నిలబడి, "సముద్రం ఎంత దూరం?" అని అడిగింది. కారులో ముప్పావు గంట అన్నాను. "మనం మెరకలో ఉన్నామా, పల్లంలోనా?" అంది. నిజం చెప్పాను. మా పేట సముద్ర మట్టానికి సుమారు ఆరు మీటర్లు కింద ఉంది. కట్టలు వేసి, మురుగు కాలువల్లో చేరిన నీటిని రాత్రింబవళ్లు పంపులతో పైనున్న నదిలోకి తోడి పోస్తుంటారు. ఇదివరకు ఆ పని గాలిమరలు చేసేవి. కిండర్‌డైక్ దగ్గర ఇప్పటికీ 19 మరలు నిలిచి ఉన్నాయి.

అమ్మ అంతా విని, "కరెంటు పోతే?" అంది.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎందరో ఇంటర్వ్యూ అభ్యర్థుల్ని చూశాను. మొదటి ప్రశ్నగా ఆ మాట అడిగినవాళ్లు తక్కువ. డీజిలు ఉంటుందని చెప్పాను. ఆ రాత్రి నిద్రపోయిందో లేదో తెలీదు.

అప్పుడు మా ఆవిడ అంది, "అత్తయ్యగారిని జీలాండ్ తీసుకెళ్దామండీ" అని. నేను జంకాను. అక్కడ 1953 జనవరి 31 రాత్రి, తెల్లవారితే ఫిబ్రవరి ఒకటి, పోటు సమయానికి వాయవ్యపు తుఫాను తోడై కట్టలు తెగాయి. 1836 మంది పోయారు. మన 1977 నవంబరు 19 సంగతి ఈ సభలో నేను చెప్పక్కర్లేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. మా ఇల్లు మెరక మీద ఉండబట్టి మేం మిగిలాం. సొర్లగొంది వైపు కాపురం ఉన్న మా పిన్ని, ఆమె ఇద్దరు పిల్లలు దొరకలేదు. ఆ రోజు గురించి అమ్మ నలభై ఆరేళ్లుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంట్లో ఎవరం అడగలేదు.

ఔవర్‌కెర్క్ అని చిన్న ఊరు. అక్కడ చివరి గండిని పూడ్చడానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి భారీ కాంక్రీటు పెట్టెలు నాలుగు తెచ్చి ముంచారు. ఇప్పుడు ఆ నాలుగు పెట్టెల లోపలే మ్యూజియం ఉంది. ఒక గదిలో పోయినవాళ్ల పేర్లు కనిపిస్తుంటాయి. ఆ గదికి పెట్టిన పేరు '1835+1'. ఆ ఒక్కటి ఎవరంటే, ఆ రాత్రే పుట్టి, ఆ రాత్రే నీళ్లలో పోయిన పసిబిడ్డ.

మా ఆవిడ ఆ సంగతి తెలుగులో చెప్పగానే అమ్మ అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది. మ్యూజియంలో సేవకు వచ్చిన ఒక పెద్దావిడ మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకి ఎనభై దాటాయి. వరద నాడు చిన్నపిల్లట, ఇంటి కప్పు మీద ఉందట. ఆవిడ డచ్చి, అమ్మది తెలుగు, మధ్యలో మా ఆవిడ. అమ్మ మొదట "మీ గొడ్లు?" అని అడిగింది. గొడ్లన్నీ పోయాయని ఆవిడ చెప్పింది. తర్వాత అమ్మ, "పేరు పెట్టని బిడ్డను ఎలా లెక్కేశారమ్మా?" అంది. ఊళ్లో వాళ్లకి గుర్తుంది, చెప్పారు, రాసుకున్నాం అందావిడ.

బయట కట్ట మీదికి వచ్చాక అమ్మ చెప్పింది. పిన్ని పెద్ద కూతురి పేరు నాకు తెలుసు. రెండోవాడికి అప్పటికింకా బారసాల కాలేదట. అమ్మే వెళ్లి చేయించాల్సింది, వాన పట్టుకుందని ఆగింది. అంతే. కారులో ఇంకేం మాట్లాడలేదు. దారిలో తూర్పు షెల్డ్ అడ్డుకట్ట దగ్గర ఆగాం. 62 ఉక్కు తలుపులు, 1986లో ప్రారంభించారు. మొదట ఆ మొగను పూర్తిగా మూసేయాలనుకున్నారు. ఆల్చిప్పలు పెంచేవాళ్లూ, జాలర్లూ గొడవ చేస్తే, మామూలు రోజుల్లో ఆటుపోట్లు లోపలికి వచ్చిపోయేట్టు తలుపులు పెట్టారు. ఇంజనీరుగా నాకు ఆ తలుపులకన్నా ఆ గొడవే గొప్పగా తోస్తుంది.

అలాంటి పెద్ద కట్టడాలు మనకూ కావాలని నేను అనను. వాళ్ల డబ్బు వేరు, మన నేల వేరు. మనకు కరకట్ట, తుఫాను షెల్టరు, మడ అడవి సరిగా ఉంటే చాలా మేలు. కాని నీళ్ల పెత్తనం వాళ్లు పంచుకున్న తీరు చూడండి. నీటి బోర్డులకి నాలుగేళ్లకోసారి ఎన్నికలు. ప్రతి ఇల్లూ ఆ పన్ను కడుతుంది. నివాస అనుమతి ఉంటే విదేశీయులకీ ఓటుంది. అమ్మ రావడానికి నెల ముందే మా ఆవిడ వెళ్లి ఎర్ర పెన్సిలుతో ఓటేసి వచ్చింది. ఆ డిసెంబరు 21న పెద్ద గాలివాన వస్తే, రాటర్‌డామ్‌ని కాసే అడ్డుకట్ట తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. ఆ సాయంత్రం మేం ఇంట్లో పకోడీలు తింటూ టీవీలో చూశాం. అమ్మ ఫోన్ చేసి మళ్లీ కరెంటు సంగతే అడిగింది.

ఇదంతా ఈ వేదిక మీద ఎందుకు చెప్తున్నానంటే, మన సంఘం పెట్టిన రెండేళ్లకే ఉప్పెన వచ్చింది. ఆనాటి సభ్యులు ఈ బడి గదుల్లోనే గంజి కాచి పోశారు. వారిలో కొందరు ఈ రోజు ముందు వరసలో ఉన్నారు. పదివేల మంది అని అందరం అంటాం. మన బడి పిల్లలు ఎందరు, ఎవరెవరు అన్న జాబితా నేను అడిగినచోటల్లా లేదన్నారు. హాజరు పట్టీలు నీళ్లలో పోయాయి. ఇంకో పదేళ్లు పోతే అడగడానికి మనుషులు కూడా ఉండరు.

అందుకని హెడ్మాస్టరు గారి అనుమతితో ఆయన గదిలో బల్ల మీద రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి పెట్టాం. పది రోజులుగా మా ఆవిడ ఊళ్లు తిరిగి అడిగితే 37 పేర్లు వచ్చాయి. మీకు తెలిసినవి రాయండి. ఇంటిపేరు, ఊరు, ఏ తరగతి. పక్క బెంచీలో కూర్చున్నవాడి ముద్దుపేరే గుర్తుంటే అదే రాయండి. పేరు తెలియకపోతే ఫలానావారి చిన్నబిడ్డ అని రాయండి, మొదటి పేజీలో అమ్మ అలాగే రాయించింది. భోజనాలయ్యాక మా ఆవిడ ఆ గదిలోనే ఉంటుంది. అమ్మ కూడా వచ్చింది, అక్కడే కూర్చుంటుంది. రాయడం కష్టమైన పెద్దవాళ్లు చెప్తే చాలు, మేం రాసుకుంటాం.