నాజరు గారి తంబురా

శాలువా కప్పారు, దండ వేశారు, నా గురించి నాలుగు మంచిమాటలు చెప్పారు. సంతోషం. ఆ సంగతులు అక్కడితో ఉంచి అసలు విషయానికి వస్తాను.

ఆహ్వానపత్రికలో నా ప్రసంగానికి 'షేక్ నాజర్: జీవితం, కథాశిల్పం, ప్రభావం' అని పేరు వేశారు. మూడూ చెబుతాను. జీవితం మీకు తెలిసిందే కాబట్టి ముందు అది ముగిస్తాను. 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టారు. కటిక పేదరికం. చిన్ననాడే నాటకాల్లోకి వెళ్ళారు, సంగీతం నేర్చారు, తర్వాత ప్రజానాట్యమండలిలో బుర్రకథ పట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు, ఇలా ఆయన చెప్పిన కథలు ఊరూరా మోగాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న వెళ్ళిపోయారు. 'పింజారి' అని ఆయన ఆత్మకథ ఉంది. ఆయనే చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి గారు రాశారు. ఇక్కడి విద్యార్థులు ఆ పుస్తకం ఒక్కసారైనా చదవాలి.

ఆయన మనవాడు అనడానికి ఒక కారణం ఉంది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకు ముందు మన అద్దంకి గుంటూరు జిల్లాలోదే. కాబట్టి నాజరు గారు బుర్రకథ చెప్పిన మంచిరోజుల్లో ఆయనదీ మనదీ ఒకటే జిల్లా.

ఇక కథాశిల్పం. దీన్ని గురించి మాట్లాడేవాళ్ళందరూ ఆయన గొంతుతో మొదలుపెడతారు. నేను చేతితో మొదలుపెడతాను. బుర్రకథలో ముగ్గురు. అటూ ఇటూ వంతలు, వాళ్ళ దగ్గర గుమ్మెటలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. మధ్యలో కథకుడు. ఆయన భుజాన తంబురా, చేతిలో అందెలు, కాళ్ళకు గజ్జెలు. ఒక చెయ్యి తీగ మీటాలి, ఒక చెయ్యి అందెలతో లయ పట్టాలి, కాలు అడుగు వెయ్యాలి, గొంతు పాడాలి, పల్నాటి కథలో కన్ను బాలచంద్రుడు కావాలి, మరుక్షణం నాగమ్మ కావాలి. ఇన్నీ ఒక్క మనిషే, ఒకేసారి, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి కోడి కూసేదాకా చెయ్యాలి. చేసి చూడండి అంటాను నేను. రెండు నిమిషాలు తీగ మీటుతూ ఏదైనా ఒక పద్యం పాడి చూడండి. పాట మీద మనసు పెడితే చెయ్యి తప్పుతుంది, చేతి మీద పెడితే పాట తప్పుతుంది.

మన పిల్లలు పడమటి రాక్ సంగీతం వింటున్నారు. వినండి, తప్పేమీ లేదు. అందులోనూ ఈ కష్టమే ఉంది. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ అని ఉండేవారు. 1942లో పుట్టారు. ఆయన బేస్ గిటారు వాయిస్తూ పాడతారు. బేస్ గిటారుకి లావు తీగలు, కింది స్వరాలు. అది పాట వెనక పరిగెత్తదు, పాట కింద తన దారిన తాను నడుస్తుంది. నోరు ఒక దారి, వేళ్ళు ఇంకో దారి. రాక్ బృందాల్లో బేస్ వాయిస్తూ ముఖ్యగాయకుడిగా నిలిచినవాళ్ళకు అభిమానులు ప్రత్యేకమైన గౌరవం ఇస్తారు. ఆ గౌరవం సబబైనదే. ఆ బీటిల్స్ వాళ్ళే 1966లో ఒక పాటకి అడుగున మన తంబురా శ్రుతి వాడారు. లండన్‌లో వాళ్ళకి కావలసివచ్చిన నాదం పొన్నెకల్లు పేదవాడి భుజం మీద అంతకు ఇరవై ఏళ్ళ నాడే ఉంది.

మా ఇంట్లో నాన్న, చిన్నాయన ఇద్దరూ నాజరు గారి అభిమానులు. ఇద్దరికీ ఏనాడూ పడేది కాదు. చిన్నాయన గొంతు పక్షం. నాన్న చేతి పక్షం. మిరపకాయలు కళ్ళంలో ఎండుతున్న రోజుల్లో చుట్టుపక్కల ఎక్కడన్నా కథ ఉందని తెలిస్తే బండి కట్టేవాళ్ళు. చాపలు, ఒక బిందె నీళ్ళు, గోంగూర పచ్చడి కలిపిన మెతుకుల మూట. చిన్నాయన వెళ్ళి నడిమధ్యన, కథకుడికి ఎదురుగా చోటు పట్టేవాడు. నాన్న మాత్రం ఒక పక్కకి, గుమ్మెట వాయించేవాడి వెనక్కి వెళ్ళి కూర్చునేవాడు. "అక్కడ ఏం కనపడుద్ది అన్నాయ్?" అని చిన్నాయన అడిగితే, "పక్కన కూర్చుంటేనే చెయ్యి కనపడుద్దిరా" అనేవాడు. నేను నాన్న ఒళ్ళో. కాబట్టి నేను నాజరు గారిని చూసింది పక్కనుంచే.

నాన్న నాకు చూపించింది ఇది. కథ మధ్యలో చదివింపులు ఉంటాయి కదా. ఎవరో ఒక పెద్దమనిషి లేచి రూపాయలిస్తాడు, ఊరిపేరు, ఇంటిపేరు చెప్పి చదువుతారు. కారెంపూడిలో యుద్ధం జరుగుతుంటే మధ్యలో ఫలానా ఊరివారి ఐదు రూపాయలు వచ్చి పడతాయి. కథ ఆగుతుంది. జనం దగ్గుతారు, చుట్ట ముట్టిస్తారు, పిల్లల్ని సర్దుకుంటారు. కథ ఆగినా తంబురా ఆగేది కాదు. ఆయన దణ్ణం పెట్టేది తలతోనే. వేళ్ళు మాత్రం తీగ మీద అలాగే నెమ్మదిగా, ఒకే తూకంలో ఆడుతూ ఉండేవి. "చూడరా, యుద్ధం అక్కడే నిలబెట్టి ఉంచాడు" అనేవాడు నాన్న. చదివింపు అయిపోగానే గొంతు ఎక్కడ వదిలిందో అక్కడే, అదే శ్రుతిలో అందుకునేది. ఒక్క వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఎదురుగా కూర్చున్న చిన్నాయనకి ఆ గొంతు ఆకాశంలోంచి ఊడిపడినట్టు ఉండేది. మాకు మాత్రం అది ఎక్కడనుంచి లేచిందో కనిపించేది.

నాజరు గారి కులవృత్తి దూది ఏకడం. మన పత్తి నేలలో దూదేకులవారి విల్లు చూసినవాళ్ళు ఈ సభలో పెద్దవాళ్ళు కొందరైనా ఉంటారు. పొడుగాటి కర్రకి ఒకటే తంతి. దాన్ని కొడితే పత్తి విచ్చుకుంటుంది. కింది స్థాయిలో, బరువుగా, గదంతా నిండే శబ్దం. పొద్దస్తమానం అదే లయ. అటువంటి ఇంట్లో ఊయల ఊగిన బిడ్డకి తీగ నాదం మీద అంత పట్టు ఎలా వచ్చింది అని నన్నెవరూ అడగక్కర్లేదు. ఇది నా నమ్మకం. పాతికేళ్ళుగా చెబుతున్నాను, ఇవాళా చెబుతాను.

ఇంకోమాట, ఇది అద్దంకి కాబట్టి చెప్పాలి. ఈ ఊరి పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిది. మనకి దొరికిన తొలి తెలుగు పద్యాల్లో ఒకటి అందులో ఉంది, అది తరువోజ. తరువోజ దేశి ఛందస్సు, పాటకు దగ్గరిది. నన్నయ గారికి రెండొందల ఏళ్ళ ముందే ఈ నేల మీద పండరంగడనే సేనాని విజయాన్ని లయకట్టి చెప్పారు. తర్వాత ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రన గారు ఇక్కడే కూర్చుని రాశారు. మనవాళ్ళు ఎర్రన పేరు చెప్పుకున్నంతగా తరువోజ పేరు చెప్పుకోరు. నాకది బాధ. వీరుడి కథని లయలో పెట్టి జనానికి వినిపించడం ఈ ఊళ్ళో పదకొండు వందల ఏళ్ళ నాటి పని. నాజరు గారు పల్నాటి వీరుల్ని పాడింది ఆ వరసలోనే. ఒక ముస్లిం కళాకారుడు బ్రహ్మనాయుడి చాపకూడు గురించి చెబుతుంటే అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని విన్నారు. 1940ల చివర ప్రజానాట్యమండలి ప్రదర్శనల్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందంటే, ఆ పాటకి ఎంత బలముందో ప్రభుత్వానికే బాగా తెలిసిందన్నమాట.

మైకు అబ్బాయికి ఒక మనవి. బాబూ, ఆ ఎకో తగ్గించు. నేను ఒక మాట అంటే మూడుసార్లు వినపడుతోంది. ఈ ఎకో జబ్బు మన సభలన్నిటికీ పట్టింది. తిరునాళ్ళలో చూడండి. ప్రభల మీద పెట్టెలకొద్దీ స్పీకర్లు, గుండె అదిరే శబ్దం. కింది స్వరం అంటే గుండె మీద కొట్టడం కాదండీ. అది పాటని మోయాలి. నాజరు గారి కాలంలో చాలా ఊళ్ళలో సరైన మైకే లేదు, అయినా చివరి బండి మీద కూర్చున్న ముసలమ్మకి మాట మాట వినపడింది.

వేదిక మీద నిర్వాహకులు ఒక తంబురాకి పూలు చుట్టి పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు. వచ్చేటప్పుడు దగ్గరికెళ్ళి చూశాను. బుర్ర నిగనిగలాడుతోంది, కుంకుమబొట్టు పెట్టారు. తీగలు లేవు. కొంతకాలంగా బుర్రకథ దళాల్లోనూ ఇదే చూస్తున్నాను. భుజం మీద తంబురా ఉంటుంది, నాదం కీబోర్డులోంచి వస్తుంది. కథ ఇరవై నిమిషాల్లో ముగించమంటారు. ఇరవై నిమిషాల్లో పల్నాటి యుద్ధం ఎట్లా అవుతుంది? కోడిపందెం కూడా పూర్తికాదు! తప్పు ఆ కళాకారులది కాదు. తీగ సరిచేసుకోవడానికి వాళ్ళకి మనం సమయం ఇవ్వడం లేదు.

ప్రభావం గురించి చెప్పాలి, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండు మాటల్లో చెబుతాను. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో నాజరు గారి అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. బుర్రకథ ఎన్నడూ చూడని ఊళ్ళకు కూడా ఆయన అడుగు, ఆయన తంబురా ఆ సినిమాతో చేరాయి. ఆయన తర్వాత కథ చెప్పినవాళ్ళలో ఆయన నిలబడే తీరు పట్టుకోనివాళ్ళు తక్కువ. విద్యార్థులు ఆ సినిమా సంపాదించి ఆ ఘట్టం చూడండి. మొదటిసారి ముఖం చూడండి. రెండోసారి చేతులు మాత్రమే చూడండి.

అభిమానులు ఏం చెయ్యగలరు అని మీకు అనిపించవచ్చు. ఆ మెకార్ట్నీ గారి కథే చెబుతాను. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఆయన వయొలిన్ ఆకారంలో ఉన్న హాఫ్నర్ బేస్ గిటారు ఒకటి కొన్నారు. తొలినాటి ప్రసిద్ధ పాటలు దాని మీదే. 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి దాన్ని ఎవరో దొంగిలించారు. యాభై ఏళ్ళు గడిచాయి. కొందరు అభిమానులు పూనుకుని, తెలిసినవాళ్ళు చెప్పండని లోకమంతా అడిగి, ఆనవాళ్ళు పట్టుకుని వెతికారు. చివరికి అది ఒక ఇంటి అటక మీద దొరికింది. 2024 ఫిబ్రవరిలో ఆ సంగతి ప్రకటించారు. ఎనభై దాటిన కళాకారుడి చేతికి ఆయన పాత వాద్యం తిరిగి వచ్చింది. ఇది ప్రభుత్వం చేసిన పని కాదు, అభిమానులు చేసిన పని.

మన అటకల మీద ఏమున్నాయో మనం చూశామా? ఈ చుట్టుపక్కల ఊళ్ళలో 1970లలో, 80లలో టేపురికార్డర్లు ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. కథ జరుగుతుంటే మైకు పక్కన టేపు పెట్టి రికార్డు చేసుకున్నవాళ్ళను నా కళ్ళారా చూశాను. ఆ క్యాసెట్లు పొగాకు బ్యారన్లలో, పాత ట్రంకుపెట్టెల్లో, మిరప బస్తాల వెనక ఉన్నాయి. ఎండకి, దుమ్ముకి టేపు అంటుకుపోతోంది. ఇంకో పదేళ్ళు ఆగితే వాటిలోంచి ఏమీ రాదు. నాజరు గారివే కానక్కర్లేదు. మీ ఊరి కథకుడిది, మీ తాతగారు వంత పాడినది ఏదైనా సరే, ఈ నెలలోనే కిందికి దించండి. లేబుల్ మీద ఊరు, సంవత్సరం, కథకుడి పేరు గుర్తున్నంతవరకు రాయండి. కంప్యూటర్లోకి ఎక్కించే పని ఇక్కడున్న పిల్లలకి తెలుసు, వాళ్ళ చేత చేయించండి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. రేపే ఆ తంబురాకి తీగలు వేయించండి. వచ్చే మన సింగరకొండ తిరునాళ్ళకి ఒక బుర్రకథ దళాన్ని పిలిచి, రాత్రంతా వాళ్ళకే వదిలిపెట్టండి. చదివింపుల జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి.