స్వస్థలమున యువజనుల వినోదములు
(మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు తమ యభిప్రాయములను సెలవిచ్చియున్నారు. మాకు లభించిన యల్పకాలమును చిన్నదిగా గన్పట్టు నొక విషయమునకు వినియోగింపదలచితిమి. పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్లవఱకు వయస్సుగల మన బాలబాలికలు తీఱికవేళలయందు తమ యూరిలోనే సంతోషముగా నేమి చేయవచ్చును? ఇది మహాసభలో చర్చింపదగినదియా యని కొందఱు నవ్వవచ్చును. ఆయుష్షులో నధికభాగము పిల్లలనడుమ గడపిన మాకు మాత్ర మిది నవ్వులాటగా తోచుట లేదు.

సెలవునాడు మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల కుఱ్ఱవానిని బిలిచి "నేడేమి చేసెదవు నాయనా?" యని యడుగుడు. "మన ఊర్లో ఏటుంది మాస్టారూ!" యని బదులు చెప్పును. చేత పైకమున్న విశాఖపట్టణమునకు బస్సెక్కి, సముద్రతీరమున తిరిగి, సినిమా చూచి వచ్చును. లేనినాడు చేతిఫోనును ముఖమున కడ్డముంచుకొని గదిమూల కూర్చుండును. తప్పంతయు వానిదే యనుటకు మేమొప్పుకొనము. మేమెఱిగిన యాటస్థలములు పెక్కు లిండ్లస్థలములైనవి. చెరువునకు పోవలదు, వీధిమొగను నిలువవలదు, చీకటిపడక మున్నే యిల్లుచేరవలెను అని మనము శాసించుచున్నాము. వలదన్నవాని జాబితా పెద్దదియే. పొమ్మని చూపిన చోటు మాత్ర మొక్కటియు లేదు. ఇక బాలికల మాట చెప్పనేల? వారికి సెలవనగా వంటయింటి పని యొకింత హెచ్చుటయే.

పెరటిచెట్టు మందునకు రాదని సామెత. విజయనగరమున 1919వ సంవత్సరమున సంగీతకళాశాల స్థాపింపబడెను. దాని ప్రథమాధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. కృష్ణామండలమునుండి ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చిన్నతనమున, తండ్రిని గోల్పోయిన పిదప, సంగీతము నేర్వవలెనని యీ యూరు వెదకికొని వచ్చిరి. మధుకరమెత్తి భుజించి, పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని విద్య నభ్యసించిరి. ఈ యూరనే 1935లో జన్మించిన పి. సుశీలగారును ఈ కళాశాలయందే చదివిరి. ఒకరు దూరమునుండి వచ్చి, వేఱొకరు ఇంటనుండియే వెడలి, పొందిన యానందమును మన పిల్లలు గోడవెంట నడచుచు దాటిపోవుచున్నారు. సాయంకాలము తలుపుచెంత నిలిచి విన్నను ఖర్చు లేదు గదా.

వినోదమనగా ధనము చెల్లించి కొనునది మాత్రమే కాదు. ఒక యుదాహరణము చెప్పెదము. శ్రీకాకుళమున అరసవల్లి సూర్యదేవాలయమును ఎఱుగనివారు లేరు. ఏటేట మార్చి 9, 10 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతమునను ఉదయకిరణములు స్వామి పాదములను స్పృశించును. వేలాది జనులు దర్శించి మ్రొక్కుదురు. మ్రొక్కిన పిదప, ఆ దినములే యేల యని యడిగిన బాలుడు ధన్యుడు. రాత్రింబగళ్లు సమానమగు దినము మార్చిలో 20వ తేదీ ప్రాంతమునను, సెప్టెంబరులో 23వ తేదీ ప్రాంతమునను వచ్చును. అరసవల్లి దినములు మొదటిదానికి సుమారు పదిదినములు ముందును, రెండవదానికి సుమారు పదిదినములు వెనుకయు నున్నవి. ఆ రెండు వేళలను సూర్యుడు విషువద్రేఖకు దక్షిణముగా నించుమించు సమానదూరమున నుండుటచే తూర్పున నొకే చోట నుదయించును. దీనిని గ్రహించుటకు యంత్రము లక్కఱలేదు. మేడమీద నిటారుగా నొక కఱ్ఱను నిలిపి, వారమునకొకసారి యొకే గంటకు నీడకొనను సుద్దతో గుర్తించిన చాలును. మన ప్రాచీన జ్యోతిషికులు శంకుచ్ఛాయతో చేసిన పని యిదియే. నలుగురు మిత్రులు కలిసిన నొక సంవత్సరము గడచుటయే తెలియదు.

సైకిలున్నవారికి లోకము మఱికొంత విశాలము. విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున రామతీర్థము కలదు. అచటి గురుభక్తుల కొండపై బౌద్ధవిహారముల శిథిలములున్నవి. బొబ్బిలికి రైలు కలదు. 1757 నాటి యుద్ధకథను తాతలనోట విన్న పిల్లలు, చెంతనున్న గొల్లపల్లిలో పనసమ్రాను వీణయగుటను కన్నులార చూడవచ్చును. పొందూరులో స్త్రీలు వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి సన్ననినూలు వడకుదురు. టెక్కలి చేరువ తేలినీలాపురమున శీతకాలమునందు గూడబాతులును, ఎఱ్ఱకాళ్లకొంగలును చింతచెట్లపై గూళ్లుకట్టి పిల్లల పెంచును. వీనిలో నొక్కొక్కటి యొక్కొక్క యాదివారపు పని. పోవువారు ముందుగా ననుజ్ఞ బడయవలెను. పనివారి పనికి నడ్డురాక, రెండు మంచి ప్రశ్నలడిగి, విన్నదానిని చిన్నపుస్తకమున వ్రాసికొనవలెను. నదిలో దిగువారు ఈతవచ్చిన పెద్దవానిని వెంటగొనిపోవలెను.

దేహబలమును గోరువారికిని మన గడ్డయందు కొఱత లేదు. వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తిగారు విజయనగరమున వ్యాయామశిక్షకులై, పిమ్మట సర్కసు నెలకొల్పి దేశవిఖ్యాతి నందిరి. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటలో బాల్యమున బరువులెత్తుట నేర్చిన కరణం మల్లీశ్వరిగారు 2000వ సంవత్సరమున సిడ్నీ యొలింపిక్కు క్రీడలయందు మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గొనిరి. ఒలింపిక్కు పతకమందిన భారతస్త్రీలలో ఆమెయే ప్రథమురాలు. మన బాలికలను గడపలోపల నుంచుటయే మర్యాద యనుకొను తల్లిదండ్రులు ఈ యొక్క మాటను మఱవకుందురుగాక.

విజయనగరమున నొకే పాఠశాలలో చదివిన యిరువురు బాలురు గురజాడ అప్పారావుగారును, గిడుగు రామమూర్తిగారును. ఒకరి కన్యాశుల్కము 1892లో ఆ యూరనే ప్రదర్శింపబడెను. వేఱొకరు ముఖలింగదేవాలయ శాసనములను స్వయంకృషిచే చదివి, సవరల భాష నేర్చిరి. ఊరివారి మాటలను చెవియొగ్గి వినుటయే వారిరువురి విద్యకు మూలము. వాడుకభాషకై పోరాడిన గిడుగువారు మా యీ గ్రాంథికమును వినినచో నవ్వియే యుందురు! మన పిల్లలును తమ వీధిలోని ముదుసలుల మాటలను, పాటలను, పొడుపుకథలను సేకరింపవచ్చును. సెలవులలో నొక చిన్న నాటకమాడవచ్చును.

ఇంతవఱకు పిల్లలకు చెప్పితిమి. ఇక పోషకులకు మూడు విన్నపములు. మొదటిది: మన సంఘభవనము పెండ్లిండ్లకు, సమావేశములకు తప్ప తక్కినదినములలో తాళము వేయబడియుండును. ఆదివారములందును, సాయంకాలములందును దానిలో నొక గదిని తెఱపించి, నాలుగు పత్రికలు, ఒక క్యారమ్సుబల్ల, ఒక హార్మోనియము నుంచుడు. రెండవది: తల్లిదండ్రులు వారమునకొకపూట పిల్లలకు విడిచిపెట్టి, ఆ పూట మార్కుల ప్రసంగము చేయకుందురుగాక, బాలికలకును అదియే నియమము. మూడవది: ఆ గది తలుపు మన పిల్లలకు మాత్రమే తెఱవబడుట మాకు సమ్మతము కాదు. బంతి విసరుటకు ఎదుట నిలుచువాడు పొరుగింటి బాలుడు. వాని కులమడిగిన పిమ్మట నాట సాగదు. సంఘములు కట్టుకొనుట పెద్దల యవసరము, స్నేహము చేసికొనుట పిల్లల స్వభావము.

చదువు ముగిసిన పిల్లలు ఉద్యోగములకై దూరదేశములకు పోవుదురు, పోవుటయు మంచిదే. అయినను ఊరిలో నేమియు లేదనుకొని పోయినవానికి తిరిగివచ్చుటకు పండుగ తప్ప వేఱు కారణముండదు. కొండనెక్కి, నీడను కొలిచి, వీణచెక్కువానితో మాటలాడి పోయినవాడు తన బిడ్డలకు చూపుటకైన వచ్చును. పై గదికి కావలసిన తాళపుచెవి నిచ్చుటకు కార్యనిర్వాహకవర్గమువారు ఈ సభ ముగియకమున్నే నిర్ణయింతురని ప్రార్థించుచున్నాము.