రంగూను రేవున దిగినవాడు

మన నూజివీడు తోటలలో కాయ కోసినవెంటనే ఎవరును తినజూడరు. గడ్డిలో పేర్చి కొన్నాళ్లు కదపక యుంచుదురు. దూరమునుండి వచ్చిన మనుష్యునకు ఆపాటి గడువైనను ఎవరిత్తురు? ఈ మాట నాకు రంగూనులో తోచినది. ఇప్పుడా నగరమును యాంగోన్ అందురు. మా యింట మాత్రము ఇంకను రంగూనే.

మా తాతగారు కాకినాడలో ఓడయెక్కి అచటికి పోయి చాల యేండ్లు రిక్షా లాగిరి. వారు దిగిన రేవును చూడవలెనని కొన్నేండ్ల క్రిందట నేను ఒంటరిగా బయలుదేరితిని. గన్నవరమున విమానమెక్కి, నడుమ మారుచు, రెండు రాత్రులు నిద్రలేక చేరితిని. కారువాడు సూలే పగోడా దాపున దించి పోయెను. గది యిచ్చెదమన్న బసవారు నా పేరు తమ పుస్తకములో లేదనిరి. అర్ధరాత్రి దాటినది. తలయెత్తి చూతునుగదా, అంగళ్ల పలకలపై అక్షరములు గుండ్రముగా అచ్చము మనవివలెనే యున్నవి. చదువబోయిన ఒక్కటియు రాదు! అంకెలు సయితము వేరు. చదువుకొన్నవానికి అంతకు మించిన అవమానము లేదు.

అప్పుడొకడు వచ్చి, హిందీలో "రండి" యని నా పెట్టె యందుకొనెను. ఎచటికని యడుగవలెనన్న తెలివి నాకు లేదు. వాని వెనుక నడచితిని. ఒక యింటిముందు చెక్కబల్లపై రెండు మట్టికుండలు, వానిపై మూతలు, ఒక చెంబు కనబడినవి. బాటసారులకై నీళ్లుంచుట బర్మావారి ఆచారము. మన చలివేంద్రమే యనుకొనుడు. ఆగి కడుపునిండ త్రాగితిని. త్రాగినతోడనే బుద్ధి తిరిగి వచ్చెను. పెట్టె తీసికొని, "వద్దు నాయనా" అంటిని. వాడు దొంగ కాకపోవచ్చును; నేను మాత్రము ఆ క్షణమున ఎవరు పిలిచినను పోవు స్థితిలో నుంటిని.

తాతగారి కాలమున రేవులో దిగినవారందరి స్థితియు నదియే. మేస్త్రీ ఊరిలోనే బయానా యిచ్చును. ఓడకూలి దానికి కలుపును. రేవున దిగినవానిని ఇరుకుబసకు తోడ్కొని పోవును. క్రొత్తవానికి అతని నోట వినబడు తెలుగే దిక్కు. ఆ తెలుగే సంకెల కూడ. బాకీ తీరువరకు కూలిలో అతని భాగము అతనిదే. 1931 జనాభా లెక్కలలో రంగూనున సగమునకు మించి భారతీయులే. రిక్షాలు లాగినవారిలో, ఓడసరకు మోసినవారిలో పెక్కుమంది తెలుగువారు. వారిని 'కోరంగీ'లనిరి. 1839 తుఫానుకు పాడైన మన కోరంగి రేవు పేరు అచట మనుష్యుల పేరై నిలిచినది, అదియు గౌరవమున కాదు. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మె వెనుక కొట్లాటలు జరిగి మనవారు హతులైరి. 1941 డిసెంబరు 23న బాంబులు పడినవి. ఆపై కొండదారుల నడచి వచ్చిన లక్షలాది జనములో తాతగారొకరు.

మీ పిల్లలు నేడు ఇంకను దూరదేశములకు పోవుచున్నారు. దిగు వేళ పగలగునట్లు చూడుడు. బస చిరునామాను ఆ దేశపు లిపిలో కాగితముపై వ్రాయించి జేబులో పెట్టింపుడు. చేతిఫోను చల్లారినప్పుడు కాగితమే మాటాడును. మొదటి రాత్రి ఏ పత్రముపైనను చేవ్రాలు చేయవద్దని చెప్పుడు. వాడు నవ్వును, నవ్వనిండు.

నేను తెల్లవారువరకు ఆ కుండల ప్రక్కనే కూర్చుంటిని. వేకువను ఒక ముసలామె వచ్చి, పాతనీరు పారబోసి, కుండలు కడిగి నింపెను. నన్ను చూచి ఏమో అడిగినది, నాకు తెలియలేదు. చెంబు తొలిచి నీళ్లిచ్చినది. ఎండయెక్కినపిదప రేవునకు పోయి ఏటిని చూచితిని.

తాతగారు మాకు రిక్షా సంగతి చెప్పిరి, మేస్త్రీ బాకీ చెప్పిరి, కొండదారి చెప్పిరి. కుండల మాట ఎన్నడును చెప్పలేదు. వారు చూచిరో లేదో, అడుగుటకిప్పుడు వారు లేరు.