టికెట్ దగ్గరే తేలిపోయే ఎన్నిక



మన దగ్గర పార్టీ టికెట్ ఎవరికివ్వాలో నాయకత్వం నిర్ణయిస్తుంది. అమెరికాలో ఆ నిర్ణయం ‘ప్రైమరీ’ అనే తొలి ఎన్నికలో ఓటర్లు చేస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఒక పార్టీ మద్దతుదారులు మరో పార్టీ ప్రైమరీలో ఓటు వేయవచ్చు. దీన్ని దొంగదెబ్బ అనేవాళ్లున్నారు. ఎదుటి పార్టీలో బలహీనుణ్ణి నిలబెట్టి ఓడించడమే ఉద్దేశమైతే ఆ మాటలో కొంత నిజముంది. కానీ 2014లో మిసిసిపీలో జరిగింది వేరు.

ఆ రాష్ట్ర జనాభాలో మూడో వంతుకు పైగా నల్లజాతి ప్రజలు. వారిలో అత్యధికులు డెమొక్రాట్లకే ఓటు వేస్తారు. సెనేట్ స్థానాలు మాత్రం చాలా కాలంగా రిపబ్లికన్లవే. అంటే నవంబరు ఎన్నిక లాంఛనం, అసలు తీర్పు రిపబ్లికన్ ప్రైమరీలోనే! జూన్ 3న సెనేటర్ థాడ్ కాక్రన్ మీద క్రిస్ మెక్‌డేనియల్ స్వల్ప ఆధిక్యం సాధించాడు. ఎవరికీ సగం ఓట్లు దాటలేదు కాబట్టి జూన్ 24న రెండో విడత జరిగింది. మెక్‌డేనియల్ ప్రభుత్వ ఖర్చులు కోయాలనేవాడు. కాక్రన్ రాష్ట్రానికి కేంద్ర నిధులు తెచ్చినవాడు. మొదటి విడతలో డెమొక్రటిక్ ప్రైమరీలో ఓటు వేయని నల్లజాతి ఓటర్లు ఎందరో ఈసారి కదిలివచ్చారు. కాక్రన్ ఏడున్నర వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచాడు. ఓడినవారు కోర్టుకెళ్లినా ఫలితం మారలేదు.

ఇది చొరబాటా? 1923లో టెక్సస్ చట్టం నల్లజాతి వారిని డెమొక్రటిక్ ప్రైమరీ నుంచి వెలివేసింది. అప్పట్లో దక్షిణాదిన ఆ ప్రైమరీలో నెగ్గితే సీటు దక్కినట్టే. ‘తెల్లవారి ప్రైమరీ’ చెల్లదని సుప్రీంకోర్టు 1944లో స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ కేసులో తేల్చింది. ఫలితం ఎక్కడ తేలుతుందో అక్కడికి చేరని ఓటు హక్కుకు విలువేముంది?

అయితే దీని పరిమితినీ గుర్తించాలి. ఉన్న ఇద్దరిలో ఎవరివల్ల తక్కువ నష్టమో ఎంచుకోవడమే తప్ప, ఈ ఓటుతో తమ ప్రతినిధి దొరకడు. 2018లో కాక్రన్ రాజీనామా చేశాక, ఆ స్థానానికి పోటీచేసిన నల్లజాతి డెమొక్రాట్ మైక్ ఎస్పీ ఓడిపోయాడు. గెలిచిన సిండీ హైడ్-స్మిత్ మిసిసిపీ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి మహిళ. నల్లజాతి వారిని చెట్లకు ఉరితీసిన ఆ నేల మీద, బహిరంగ ఉరికి పిలిస్తే ముందు వరుసలో కూర్చుంటానని ప్రచారంలో నవ్వుతూ అన్నదీ ఆమే.

స్త్రీ గెలిస్తే చాలదు. ఎవరు నిలబెట్టిన స్త్రీ అన్నదీ ముఖ్యమే. చట్టసభల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయిస్తూ 2023లో మన రాజ్యాంగాన్ని సవరించారు. కానీ ఆ టికెట్లు పంచే గదిలో మనకు ఓటు లేదు. సీట్ల లెక్కతో పాటు ఆ గది సంగతీ మనం అడగవద్దా?