ఏథెన్సుకు గుడ్లగూబలు



ఒకచోట కొల్లలుగా ఉన్నదాన్నే అక్కడికి మోసుకుపోయే వృథా శ్రమను జర్మన్లు 'ఏథెన్సుకు గుడ్లగూబలను మోయడం' అంటారు. ఇంగ్లీషువారు 'న్యూకాజిల్‌కు బొగ్గు మోయడం' అంటారు. గుడ్లగూబ ఏథెన్సు నగరదేవత ఎథీనా పక్షి. ఏథెన్సు వెండి నాణేల మీద దాని బొమ్మే ఉండేది. క్రీ.పూ. 414 నాటి గ్రీకు నాటకకర్త అరిస్టోఫేనీస్ నాటకం 'పక్షులు'లోనే ఏథెన్సుకు గుడ్లగూబను తేవడమనే ప్రస్తావన ఉంది. న్యూకాజిల్ బొగ్గు గనుల సీమలోని రేవు. లండన్ పొయ్యిలకు అక్కడినుంచి ఓడల్లో బొగ్గు వెళ్లేది.

ఇలాంటి తేడాలు ఇంకా ఉన్నాయి. మనమూ ఇంగ్లీషువారూ ఒకే దెబ్బకు రెండు పిట్టలంటాం. జర్మన్లు రెండు ఈగలంటారు. మేలు కోరుతూ ఇంగ్లీషువారు వేళ్లు మెలివేస్తే, జర్మన్లు బొటనవేలిని పిడికిట్లో బిగిస్తారు.

పరభాష నేర్చేవారు జాతీయాలను విడి మాటలుగా కాక, వాటి చరిత్రతో కలిపి నేర్చుకోవాలి. అప్పుడే అవి మనసులో నిలుస్తాయి.