రాత్రి పదకొండు గంటలకు టోక్యోలో

(సంస్థ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జపాన్ విశేషాలు చెప్పమని నన్ను నిలబెట్టారు. పాతికేళ్ళుగా మండలాలూ పల్లెలూ తిరుగుతున్నదాన్నే గానీ దేశం దాటడం నాకిదే మొదలు. ఒక శిక్షణ కోసం పది రోజులు టోక్యోలో వున్నాను. భాష రాదు. పది రోజుల్లో ఆ దేశం నాకు అర్థమైందని చెబితే మీరు నవ్వాలి. చూసినవీ, నాకు తోడుగా తిరిగిన అక్కడి స్నేహితురాలు చెప్పినవీ చెబుతాను.

మొదటి రోజే షింజుకు స్టేషన్‌లో తప్పిపోయాను. రోజుకు ముప్పై లక్షల మందికి పైగా ఎక్కి దిగే స్టేషన్ అది. బయటికి వెళ్ళే దారులే రెండు వందలకు పైగా వున్నాయి. ఒక దారిలో పైకొస్తే పెద్ద దుకాణంలో తేలాను, మళ్ళీ దిగి ఇంకో దారి పడితే బస్సుల దగ్గర తేలాను. చివరికి చేతిలో వున్న చిరునామా కాగితం ఒక పెద్దావిడకు చూపించాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు జపనీస్ రాదు. నా మోచెయ్యి పట్టుకుని పావుగంట నడిపించి, భవనం గుమ్మం దాకా తెచ్చి, నడుం వంచి దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ పని ఏమైపోయిందోనని నాకు బెంగ.

తిండికి మొదట్లో ఇబ్బంది పడ్డాను. కూరగాయల పులుసు అనుకుని నోట్లో పెట్టుకుంటే చేపల వాసన. ఇరవైనాలుగు గంటలూ తెరిచి వుండే చిన్న దుకాణాల్లో అన్నం ముద్దలు దొరుకుతాయి. ఓనిగిరి అంటారు. లోపల ఊరబెట్టిన పుల్లటి పండు వుంటుంది. ఊరగాయ పెట్టిన సద్దిముద్దే అనుకోండి. పది రోజులూ దాని మీదే బతికాను.

ఆ ముద్ద కోసమే ఒక రాత్రి పదకొండు గంటలకు బస దిగి బయటికి వచ్చాను. సగం దూరం వెళ్ళాక గానీ గుర్తు రాలేదు, ఒంటరిగా నడుస్తున్నానని. పైట సర్దుకోలేదు, తాళంచెవి వేళ్ళ మధ్య ఇరికించుకోలేదు, వెనకాల అడుగుల చప్పుడు లెక్కపెట్టలేదు. నాకు యాభై ఏళ్ళు దాటాయి. ఆ వయసులో, పరాయి దేశంలో, నా ఒళ్ళు అలా వదులుగా నడవడం నాకే వింతగా వుంది. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

దుకాణంలో బల్ల వెనక వున్నది నేపాలీ అమ్మాయి. నా చీర చూసి “దీదీ” అని హిందీలో పలకరించింది. చదువుకోవడానికి వచ్చిందట. విద్యార్థి వీసా మీద వున్నవాళ్ళు వారానికి 28 గంటలు మాత్రమే పని చెయ్యాలి. ఆ కూలితోనే ఫీజూ అద్దే కట్టుకోవాలి, పంపించిన ఏజెంటు అప్పూ తీర్చాలి. నేను నిర్భయంగా వచ్చి ముద్ద కొనుక్కోవాలంటే ఆ వేళప్పుడు ఇంకో ఆడపిల్ల నిద్ర మానుకుని నిలబడాలన్నమాట.

మర్నాడు నా రాత్రి నడక గురించి సంబరంగా చెబితే స్నేహితురాలు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను ఉదయం ఎనిమిది గంటల రైలెక్కించింది. ప్లాట్‌ఫారం నేల మీద గులాబీ రంగు గుర్తు వుంది. పనిదినాల్లో ఉదయం రద్దీ వేళ ఆ పెట్టె ఆడవాళ్ళకే. దానికి కారణమేమిటో గోడ మీద పోస్టరు చెబుతోంది, చికాన్ నేరమని. మనకు కోడికూర గుర్తొస్తుంది. వాళ్ళ భాషలో చికాన్ అంటే రద్దీలో ఆడవాళ్ళ ఒంటి మీద చెయ్యి వేసేవాడు.

ఆ పోస్టరు వెనక ఒక కథ వుంది. 1988లో ఒసాకా నగరం భూగర్భ రైలులో ఇద్దరు మగవాళ్ళు ఒకామెను తడుముతుంటే మరో యువతి అడ్డుకుని గట్టిగా మందలించింది. వాళ్ళు ఆ యువతిని వెంటాడి, బెదిరించి తీసుకెళ్ళి, అత్యాచారం చేశారు. అడ్డుకున్నందుకు శిక్ష అన్నమాట. అప్పుడు ఒసాకా స్త్రీలు సంఘంగా ఏర్పడి రైల్వే వాళ్ళను నిలదీశారు. ఆడపెట్టెలు మాత్రం చాలా ఆలస్యంగా, 2000 డిసెంబరులో టోక్యోలో ఒక ప్రైవేటు రైలు మార్గంలో ప్రయోగంగా మొదలై, తర్వాత మిగతా మార్గాలకు పాకాయి. అక్కడ అమ్మే సెల్‌ఫోన్లలో ఫోటో తీస్తే క్లిక్‌మని శబ్దం వస్తుంది, ఆపడం కుదరదు. లంగాల కింద దొంగచాటుగా ఫోటోలు తీసేవాళ్ళ వల్ల కంపెనీలు పెట్టుకున్న పద్ధతి అది.

మన బస్సుల్లో ముందు సీట్లు స్త్రీలకని రాసి వుంటుంది. వాటి కోసం తగువులాడే మనకు ఆడపెట్టె కొత్త కాదు. కానీ దీపాలతో వెలిగే, కాగితం ముక్క కనబడని వీధిలో నడిచినప్పుడు, ఇక్కడ ఇలాంటివి వుండవనుకున్నాను. ఆ పొరపాటు నాది.

మరుగుదొడ్ల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ప్రతి స్టేషన్‌లో వున్నాయి, ఉచితం, శుభ్రం, నీళ్ళున్నాయి. పొద్దుట ఇంట్లోంచి బయల్దేరితే సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బిగబట్టుకునే మన ఆశా కార్యకర్తలు గుర్తొచ్చారు. లోపల గోడకు ఒక మీట వుంది, నొక్కితే నీళ్ళు పారుతున్న శబ్దం మాత్రం వస్తుంది. మూత్రం చప్పుడు బయటికి వినబడుతుందన్న సిగ్గుతో ఆడవాళ్ళు పదే పదే నీళ్ళు వదులుతున్నారని, 1988లో ఒక కంపెనీ ఈ యంత్రం తెచ్చింది. మనకు చోటు లేదు, వాళ్ళకు చోటు వుంది. సిగ్గు మాత్రం ఇద్దరి నెత్తినా వుంది. బహిష్టు సెలవు కూడా అంతే. 1947 నుంచీ చట్టంలో వుంది. అడిగి తీసుకునేది నూటికి ఒక్కరు కూడా లేరు. మగ మేనేజరు దగ్గరికి వెళ్ళి ఏమని అడగాలి?

ఒక సాయంత్రం స్నేహితురాలు నన్ను టోక్యో స్టేషన్ ఎదుటికి తీసుకెళ్ళింది. ఎర్ర ఇటుకల పాత భవనం, 1914 నాటిది. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. ఆమె చూపించాలనుకున్నది ఆ భవనాన్ని కాదు. 2019 మార్చిలో జపాన్ కోర్టులు వరసగా నాలుగు అత్యాచార కేసులు కొట్టేశాయి. ఒక దానిలో నిందితుడు కన్నతండ్రి. కూతురికి ఇష్టం లేదని కోర్టే ఒప్పుకుంది, కానీ ఆమె ఏ మాత్రం ఎదిరించలేని స్థితిలో వుందని రుజువు కాలేదంది. ఏప్రిల్ 11న స్త్రీలు పూలు పట్టుకుని ఆ స్టేషన్ దగ్గర చేరారు. నినాదాలివ్వలేదు. ఒక్కొక్కరే ముందుకొచ్చి తమకు జరిగింది చెప్పుకున్నారు. తర్వాత ప్రతి నెలా 11న, ఒక్కో నగరంలో అలా నిలబడ్డారు. ఆ తండ్రికి 2020లో పై కోర్టు పదేళ్ళ శిక్ష వేసింది. 2023లో చట్టం మారింది. సమ్మతి లేకపోవడమే నేరానికి ఆధారమైంది. 1907 నుంచి పదమూడేళ్ళుగా వున్న సమ్మతి వయసు పదహారైంది.

వింటుంటే నాకు మథుర గుర్తొచ్చింది. ఆ ఆదివాసీ పిల్ల ఒంటి మీద గాయాలు లేవని, ఎదిరించలేదని 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. హైదరాబాదులో రమీజాబీ కేసు కూడా ఆ ఏడాదిదే. మనం వీధుల్లోకి వచ్చాక 1983లో చట్టం మారింది. ఇదంతా చెబితే ఆమె చిన్న పుస్తకం తీసి మథుర పేరు రాసుకుంది.

ఆమె గురించి ఒక మాట. పెళ్ళైనా పాత ఇంటిపేరుతోనే పనిచేస్తుంది. కాగితాల్లో మాత్రం భర్త ఇంటిపేరు. జపాన్ చట్టం ప్రకారం భార్యాభర్తలకు ఒకటే ఇంటిపేరు వుండాలి. ఎవరిదైనా కావచ్చు అంటుంది చట్టం, నూటికి తొంభై అయిదు జంటల్లో మార్చుకునేది భార్యే. 2015లో, 2021లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధం కాదంది. మనకిది ఆచారమే గానీ చట్టం కాదంటే ఆమె ఆశ్చర్యపోయింది. 2025 అక్టోబరులో జపాన్‌కు తొలిసారిగా ఒక స్త్రీ, సనాయె తకాయిచి, ప్రధాని అయ్యారు. భార్యాభర్తలకు వేరు వేరు ఇంటిపేర్లు వద్దనేవాళ్ళలో ఆమె ఒకరు. ఇందిరాగాంధీని చూసిన మనకు ఇది విడ్డూరమేమీ కాదు.

చివరి రోజు అందరూ గుళ్ళు చూడటానికి వెళ్ళారు. నేను నిషి వసేదాలో ఒక భవనం రెండో అంతస్తుకు వెళ్ళాను. యుద్ధకాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా చేసిన స్త్రీల మ్యూజియం అది. యయోరి మత్సుయి అనే పాత్రికేయురాలు కేన్సర్‌తో 2002లో చనిపోతూ తన ఆస్తి దీనికి రాసిచ్చారు. 2005లో తెరిచారు. తన దేశం చేసిన నేరాన్ని లెక్కగట్టడానికి 2000 డిసెంబరులో టోక్యోలోనే ప్రజా న్యాయస్థానం పెట్టించిన స్త్రీలలో ఆవిడ ముఖ్యురాలు. గుమ్మంలోకి అడుగు పెడితే గోడంతా ఫోటోలు. కొరియా, చైనా, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇంకా ఎన్నో చోట్ల ముసలమ్మలు. అందరూ నావైపే చూస్తున్నట్టుంది. 1991లో కొరియాలో కిమ్ హక్‌సున్ అనే ఆవిడ మొదటిసారి పేరు చెప్పుకుని బయటపడేదాకా, దాదాపు యాభై ఏళ్ళు, ఈ సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది.

మనకేమిటి సంబంధం అనుకోకండి. 1942 నుంచి 1945 దాకా అండమాన్ దీవులు జపాన్ సైన్యం చేతిలో వున్నాయి. అక్కడికీ ఇలాగే స్త్రీలను తెచ్చారు. విశాఖపట్నం నుంచి ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్‌కు వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఎన్నో వున్నాయి. మా పెద్దమ్మ కొడుకు అక్కడే స్థిరపడ్డాడు. నేను రెండుసార్లు వెళ్ళి సెల్యులార్ జైలు చూసొచ్చాను. ఆ స్త్రీల గురించి నాకక్కడ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు, అడగాలని నాకూ తెలియదు.

మ్యూజియంలో కొన్న ఇంగ్లీషు పుస్తకం తెచ్చాను. పల్చటిదే, ఆ బల్ల మీద పెట్టాను. మన గ్రంథాలయానికి ఇచ్చేస్తున్నాను. తెలుగు చేస్తామనేవాళ్ళు వుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. తలా కొన్ని పేజీలు పంచుకుందాం.