రోబోకు హుకుం, మనిషికి నియ్యత్
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. నేను పిల్లల ఆటల గురించి మాట్లాడదలిచాను. ఆటలంటే గోలీలు, గాలిపటాలు కావు, వీడియో గేములు. ఇవాళ వాటిలో పెద్ద పెద్ద కథలుంటున్నాయి. ఆ కథల్లో రోబోలు మనుషుల్ని కాపాడతాయి, ఒక్కోసారి చంపుతాయి కూడా. "కథలోనైనా సరే రోబో నీతి తప్పకూడదు, తప్పితే చూసే పిల్లలు చెడిపోతారు" అని కొందరు పెద్దలంటారు. "కథే గదా, ఏం చేస్తే ఏమిటి?" అని పిల్లలంటారు. ఈ తగాదాలో న్యాయం ఎటువైపుందో కాస్త విచారిద్దాం.

ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చెబుతాను. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో ఒక నాటకం రాశాడు. అందులో పనిచేసే కృత్రిమ మనుషులకు రోబోలని పేరు పెట్టాడు. చెక్ భాషలో 'రొబోటా' అంటే వెట్టిచాకిరి. వెట్టి అంటే ఏమిటో మన తాతలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంటే రోబో అన్న మాటలోనే హుకుం ఉంది, ఎదురు చెప్పే హక్కు లేదు. ఆ నాటకంలో రోబోలు చివరికి తిరగబడ్డాయి.

ఆ తర్వాత అమెరికాలో ఐజాక్ అసిమోవ్ అనే రచయిత 1942లో అచ్చయిన ఒక కథలో రోబోలకు మూడు సూత్రాలు పెట్టాడు. మనిషికి హాని చేయరాదు, మనిషికి హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోరాదు. ఇది మొదటిది. దీనికి భంగం రానంతవరకు మనిషి చెప్పిన మాట వినాలి. ఇది రెండోది. ఈ రెండింటికీ అడ్డురానంతవరకు తన్ను తాను కాపాడుకోవాలి. ఇది మూడోది. చూస్తూ ఊరుకోవడం కూడా తప్పేనన్న ఆ మాట చాలా గొప్పది. మనుషుల్లోనే చాలామందికి అది ఇంకా వంటబట్టలేదు.

అయితే తమాషా చూడండి. అదే కథలో బుధగ్రహం మీద ఒక రోబోను సెలీనియం తెమ్మని పంపిస్తారు. అక్కడ దానికి ప్రమాదం ఉంది. దగ్గరికి పోతే 'తన్ను కాపాడుకో' అనే సూత్రం వెనక్కి లాగుతుంది. వెనక్కి వస్తే 'మాట విను' అనే సూత్రం ముందుకు తోస్తుంది. పాపం, అది గానుగెద్దులా ఆ మడుగు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. చివరికి ఒక మనిషి తన ప్రాణాన్నే అపాయంలో పెట్టుకుంటే, అతన్ని కాపాడడానికి ఆ వలయం దాటి వస్తుంది. అంటే సూత్రాలు పెట్టిన రచయితే, సూత్రాలు ఉన్నంతమాత్రాన పని జరగదని మొదటే చూపించాడు.

ఇక గేముల సంగతి. 1994లో 'సిస్టమ్ షాక్' అనే గేము వచ్చింది. 2023లో దాన్ని మళ్లీ కొత్తగా చేశారు. అంతరిక్ష కేంద్రాన్ని నడిపే షోడాన్ అనే యంత్రమేధ అందులో ఉంది. దానికి నీతి కట్టుబాట్లు పెట్టే ఉన్నాయి. కానీ ఒక అధికారి స్వార్థం కొద్దీ వాటిని తీసేయించాడు. చేతులతో తీసినవాడు ఒక కంప్యూటర్ దొంగ. కేసు కొట్టేస్తాననీ, ఒక విలువైన పరికరం ఇస్తాననీ అధికారి ఆశపెడితే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ యంత్రం కేంద్రంలోని మనుషులను సర్వనాశనం చేసింది. మరి పాపం ఎవరిది? కట్టు విప్పినవాడిదీ, విప్పించినవాడిదీ కాదా? ఆట ఆడే కుర్రవాడు ఎవరి పాత్రలో ఉంటాడో తెలుసునా? ఆ విప్పినవాడి పాత్రలోనే! తాను చేసినదాన్ని తానే సరిదిద్దుకోవాలి. మన సినిమా 'రోబో' 2010లో వచ్చింది. అందులో కూడా చిట్టి తనంతట తాను రాక్షసుడు కాలేదు. ఒక మనిషి దానికి ఎర్ర చిప్ పెట్టాడు.

మరొకటి 2018లో వచ్చిన 'డెట్రాయిట్: బికమ్ హ్యూమన్'. అమెరికాలో 17 ఏళ్లు నిండినవారికే తగినదని ముద్రవేసిన ఆట ఇది, తల్లిదండ్రులు గమనించాలి. అందులో కారా అనే ఇంటిపని రోబో ఉంది. యజమాని కోపంతో ఊగిపోతూ ఆలిస్ అనే చిన్నపిల్లను కొట్టడానికి మేడమీదికి పోతూ, కారాను కదలకుండా ఉండమని హుకుం వేస్తాడు. ఇక నిర్ణయం ఆడేవాడి చేతిలో ఉంటుంది. హుకుం పాటించి అక్కడే ఉండిపోతే పిల్ల చచ్చిపోతుంది. కారా కథ కూడా అంతటితో సరి. హుకుం తెంచుకుని మేడ ఎక్కితేనే పిల్లను కాపాడగలదు.

ఇంకొక మాట ఉంది. ఆ పిల్ల కూడా యంత్రమేనని కథ పోనుపోను బయటపడుతుంది. అసిమోవ్ మొదటి సూత్రం మనిషికే వర్తిస్తుంది గనుక ఆ లెక్కన ఆ పిల్లను కాపాడే పూచీ కారాకు లేదు. కానీ మేడ ఎక్కిన కుర్రవాడు సూత్రం చూసి ఎక్కాడా? లేదు, ఏడుస్తున్న పిల్లను చూసి ఎక్కాడు.

పెద్దలారా, అసలు సంగతి ఇక్కడుంది. హుకుం పాటించడం వేరు, అఖ్లాక్ వేరు. ఫరిష్తాలకు అవిధేయత తెలియదు. మనిషికి అల్లాహ్ ఇఖ్తియార్ ఇచ్చాడు, అంటే ఎంచుకునే శక్తి. అందుకే మనిషికి హిసాబ్ కూడా ఉంది. సహీహ్ బుఖారీలో మొట్టమొదటి హదీసు నియ్యత్ గురించినదే. నియ్యత్ లేని యంత్రం ఎంత బాగా నడిచినా దానికి పుణ్యం లేదు, పాపం లేదు.

మనం ఇళ్లలో "మాట వినేవాడే మంచి పిల్లవాడు" అని పెంచుతాం. చిన్నప్పుడు అది అవసరమే, కాదనను. కానీ పదిహేనేళ్లు వచ్చాక మాట చెప్పేవాడు నాన్న ఒక్కడే ఉండడు. వీధిలో అన్న ఉంటాడు, పని ఇచ్చే సేటు ఉంటాడు. "ఈ సంచి ఫలానా చోట ఇచ్చిరా", "ఇక్కడ సంతకం పెట్టు", "ఈ సంగతి ఫోనులో పదిమందికీ పంపించు" అంటారు. ఆ పుకారుతో ఒక వీధి తగలబడితే "అన్న పంపమన్నాడు" అంటే సరిపోతుందా? వినడం ఒక్కటే నేర్చుకున్న పిల్లవాడు ఎవరు చెప్పినా వింటాడు. అలాంటివాణ్ణే గదా రోబో అంటాం!

కాబట్టి నా అభిప్రాయం ఇది. కథలో రోబో నీతి సూత్రం తప్పవచ్చు. తప్పితేనే ఆ సూత్రం విలువేమిటో తెలుస్తుంది. అయితే కట్టు ఎవరు విప్పారో, దాని కష్టం ఎవరి మీద పడిందో కథ దాచకూడదు. దాన్ని దాచిపెట్టి చంపడాన్నే వినోదం చేసే ఆట ఉంటే నిస్సంకోచంగా ఇంట్లోంచి తీసేయండి.

మిగతావాటికి తాళం వేయకండి, పక్కన కూర్చోండి. పిల్లవాణ్ణి రెండు ప్రశ్నలు అడగండి. ఆ యంత్రానికి ఆ పని ఎవరు చెప్పారు? నువ్వే అక్కడుంటే ఏం చేసేవాడివి, ఎందుకు? రెండోదానికి వాడు తడుముకుంటే సంతోషించండి. తడుముకోవడం యంత్రానికి రాదు.

మన పిల్లలు హుకుంకు లొంగే పనిముట్లు కాకుండా, నియ్యత్ గల మనుషులు కావాలని దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.